నేను లేనప్పటి మాటలు

పిచ్చమ్మ చెప్పేదాకా నేను నిద్రపోయాననే అనుకున్నాను. మత్తు ఇచ్చే డాక్టరు నా ముఖం మీద మాస్కు పెడుతూ, మేడమ్ మీరు ఏ సబ్జెక్టు చెబుతారు అని అడిగాడు. తెలుగు అన్నాను. అయితే ఒక పద్యం చెప్పండి అన్నాడు. ఏ పద్యం చెప్పాలా అని వెతుక్కుంటున్నాను, ఆ వెతుక్కోవడం దగ్గరే తెగిపోయింది. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి ఎదురుగా పచ్చ కర్టెన్, దాని పైన గోడ గడియారం, మూడూ పది. మధ్యలో రెండు గంటలు లేవు. మామూలు నిద్రలో ఎంతో కొంత కాలం గడిచిందని ఒంటికి తెలుస్తుంది. ఇది అలా లేదు. చీర మధ్యలో ఒక మూర కత్తిరించి రెండు అంచులూ కలిపి కుట్టేసినట్టుంది. గొంతు గరగరలాడుతోంది, నాలుక అంగిలికి అంటుకుపోయింది, కుడి భుజంలో ఎవరో గుద్దినట్టు నొప్పి. పిత్తాశయంలో రాళ్ళు తీస్తే భుజం ఎందుకు నొప్పి పెట్టాలి అనుకుంటుండగా నీలం చీర కట్టుకున్న ఒక ముసలామె నా మీదికి వంగింది. ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళే ముందు నా గాజులు తీసి పొట్లం కట్టింది ఈమే. పేరు పిచ్చమ్మ, ఊరు చిలుకూరు, ఈ ఆసుపత్రిలో తొమ్మిదేళ్ళుగా ఆయాగా చేస్తోందని అప్పుడే చెప్పింది.

"లేసినవా బిడ్డా," అంది. "మస్తు మాట్లాడినవ్. అరగంట సేపు మీ అమ్మతోటి మాట్లాడినవ్."

మా అమ్మ లేదు, పోయి మూడేళ్ళవుతోంది అన్నాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. పిచ్చమ్మ ఆశ్చర్యపోలేదు. ఆ సంగతి నీ మాటల్లోనే తెలిసిందిలే అని ఇంకా ఏదో చెప్పబోయింది. ఇంతలో అవతలి మంచం మీది మనిషి వాంతి చేసుకుంటే నర్సు కేకేసింది. పిచ్చమ్మ నా దుప్పటి సర్ది వెళ్ళిపోయింది, కర్టెన్ ఊగి ఆగింది.

అరగంట సేపు. బడిలో ఒక పీరియడ్ కంటే కాస్త తక్కువ. పాఠం కాకుండా, నా సొంత మాటలు అంతసేపు ఎవరితోనైనా మాట్లాడి ఎన్నాళ్ళయిందో నాకు గుర్తు లేదు. కోదాడలో నేను అద్దెకుండే మేడ మీది గదికి సాయంత్రం వెళ్ళి తలుపు వేసుకుంటే మళ్ళీ మర్నాడు పాల ప్యాకెట్టు తెచ్చే అతనితోనే మొదటి మాట, అది కూడా ఒక్కటా రెండా అనే. స్టాఫ్ రూములో అందరూ అంటారు, విజయ మేడమ్ ఒక్క మాట ఎక్కువ మాట్లాడదు అని. మెచ్చుకోలుగానే అంటారు. నలభై మూడేళ్ళు వచ్చాక అది నిజంగా నా స్వభావమేనని నేనూ నమ్మాను. ఈ ఆపరేషన్ కోదాడలోనే చేయించుకోవచ్చు. తెలిసినవాళ్ళు ఎవరూ నన్ను ఈ వెనక ముళ్ళు వేసే గౌనులో చూడకూడదని సూర్యాపేట వచ్చాను. తోడు వచ్చింది సంగీత ఒక్కతే, మా బడిలో లెక్కల టీచరు, నాకంటే పదేళ్ళు చిన్నది. కాగితాల మీద ఆమే సంతకం పెట్టింది. రోగికి ఏమవుతారు అన్న చోట పెన్ను పట్టుకుని నా వైపు చూసింది. సహోద్యోగి అని రాయి అన్నాను. నన్ను బయటికి తెచ్చేదాకా ఉండి, పాప బడి నుంచి వచ్చే వేళయిందని వెళ్ళి ఉంటుంది, ఆరింటికి మళ్ళీ వస్తానంది. ఇంటి వాళ్ళు ఎవరూ రాలేదా అని పొద్దున నర్సు అడిగితే, వస్తున్నారు అని చెప్పాను. ఇలాంటి మాటలు నాకు తడుముకోకుండా వస్తాయి.

మరి ఆ అరగంటా ఏం మాట్లాడి ఉంటాను. ఎవరెవరు విన్నారు. సంగీత విన్నదా. మత్తు డాక్టరు పద్యం అడిగాడు కదా, పద్యం ఏమైనా చెప్పానేమో. అదయితే పరవాలేదు. కానీ అమ్మతో అంటోంది. అమ్మతో మాట్లాడితే ఏ భాషలో మాట్లాడి ఉంటాను? ఆ అనుమానం రాగానే చెవులు వేడెక్కాయి. మాది తుంగతుర్తి దగ్గర ఒక చిన్న ఊరు, గొర్లు కాసే ఇల్లు. పదేళ్ళప్పుడు నన్ను మిర్యాలగూడ హాస్టల్లో వేశారు. మొదటి రోజే అన్నం దగ్గర "సల్ల పొయ్యి" అన్నాను, వరసలో కూర్చున్న పిల్లలందరూ నవ్వారు. నీళ్ళకు పోయినా, బట్టలు ఉతికే బండ దగ్గరికి పోయినా అదే మాట నా వెనక వచ్చేది, సల్ల, సల్ల. నెల తిరిగేసరికి నేను మజ్జిగ అనడం నేర్చుకున్నాను. సూడు చూడు అయింది, ఉంటది ఉంటుంది అయింది. మొదటి సెలవులకు ఇంటికి వెళ్ళి నేను మాట్లాడుతుంటే అమ్మ నోరు తెరుచుకుని విన్నది. మా బిడ్డ పుస్తకాల లెక్క మాట్లాడుతున్నదని వాడకట్టంతా చెప్పుకుంది. ఆ తర్వాత నాతో మాట్లాడేటప్పుడు అమ్మ మాటలు తగ్గాయి. ఏదైనా చెప్పబోయి, ముందు నోట్లో ఒకసారి సరిచూసుకుని చెప్పేది. కాసేపటికి అదీ మానేసి, తిన్నవా అని మాత్రం అడిగేది. ఇప్పుడు నేను ఇరవై ఏళ్ళుగా పిల్లల నోట్‌బుక్కుల్లో వస్తది అని ఉంటే ఎర్ర పెన్నుతో వస్తుంది అని దిద్దుతున్నాను.

ఏడవకుండా పోయింది అని నా గురించి మా ఇంట్లో ఒక కథ ఉంది. హాస్టల్లో వదిలేసి వస్తుంటే మిగతా పిల్లలు తల్లుల కాళ్ళు పట్టుకుని ఏడ్చారట, నేను మాత్రం పెట్టె మీద కూర్చుని, పోండి బస్సు పోతది అన్నానట. మా నాన్న గట్టయ్య బతికున్నంత కాలం వచ్చినవాళ్ళకల్లా ఈ కథ చెప్పేవాడు. నేనూ ఎన్నోసార్లు చెప్పుకున్నాను. అమ్మ పోయిన రోజున కూడా నేను ఏడవలేదు. చుట్టాలు చూశారు. నాకు ఏడుపు రాదులే అనుకున్నాను, చిన్నప్పటి నుంచీ అంతే కదా.

పిచ్చమ్మ వచ్చింది. నీళ్ళు తాగకూడదు, రాత్రిదాకా ఇంతే అంటూ తడి దూదితో పెదాలు తుడిచింది. ఆ చల్లదనం కోసం నా నోరు పసిపిల్ల నోరులా తెరుచుకుంది. నేనేం మాట్లాడానో చెప్పమని అడిగాను. మత్తులో అందరూ మాట్లాడతారు, పోయిన వారం ఒక పెద్దమనిషి తన పెళ్ళి నాటి పాటలన్నీ పాడాడు, మనసులో పెట్టుకోకు అంది. అయినా చెప్పమన్నాను. ముందు గొర్లను పిలిచినవ్ అంది. నాలుక ఆడించి మా వాళ్ళు పిలిచే పిలుపు తానే చేసి చూపించింది. మళ్ళీ మళ్ళీ పిలిచానట, గది మారుమోగేలా పిలిచానట. బొల్లిదాని పేరు పెట్టి, కుంటిదాని పేరు పెట్టి పిలిచానట. నర్సులు నవ్వారట, డాక్టరు కూడా తొంగి చూసి వెళ్ళాడట. నాకూ నవ్వు వచ్చింది, నవ్వితే కుట్లు లాగాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. హాస్టలుకు పోయాక ఆ పిలుపు నేను ఒక్కసారైనా పిలవలేదు. ముప్పై మూడేళ్ళు. నా నాలుకకు అది వచ్చని కూడా మర్చిపోయాను. ఇప్పుడు పిలవమంటే రాదు. మరి ఎవరు పిలిచారు?

మా నాన్నకు గొర్లను లెక్కపెట్టడం వచ్చు, కానీ లెక్కపెట్టేవాడు కాదు. సాయంత్రం మందను మళ్ళించుకుని వస్తూ వస్తూ దారి మధ్యలో ఆగిపోయేవాడు. గొంగడి భుజం మార్చుకుని, ఒకటి తక్కువున్నది అనేవాడు. అన్న మహేశ్వర్ ఒకటి నుంచి మొదలుపెట్టి లెక్కపెడితే నిజంగానే ఒకటి తక్కువ ఉండేది. లెక్కపెట్టకుండా నీకెట్ల తెలిసె నాయినా అని నేను అడిగాను ఒకసారి. ఏమో బిడ్డా, నాకు తెల్వదు, కడుపుల తెలుస్తది అన్నాడు. ఆ తక్కువైన దాన్ని వెతకడానికి నన్నూ వెంట తీసుకెళ్ళేవాడు. చీకటి పడక ముందే దొరకాలి. కంప చెట్ల మధ్య నిలబడి ఇద్దరం పిలిచేవాళ్ళం. దూరం నుంచి బదులు వినిపిస్తే నాన్న నా నెత్తి మీద చెయ్యి వేసేవాడు.

"గొర్లను పిలుసుడైనంక ఫోన్ సంగతి తీసినవ్," అంది పిచ్చమ్మ. ఇది చెప్పాలా వద్దా అన్నట్టు దూదిని గిన్నెలో ముంచుతూ ఆగింది. "ఆగు, ఎత్తుతున్న, ఎత్తుతున్న అని ఒకటే అన్నవ్. చెయ్యి పరుపు మీద గిట్ల తడిమినవ్. సూది ఊడొస్తదని నేను నీ చెయ్యి పట్టుకున్న. నువ్వు నా చెయ్యిని చెవు కాడికి గుంజుకున్నవ్. అమ్మా, సెప్పే అన్నవ్."

ఏ ఫోను అన్నాను. పిచ్చమ్మకు ఎలా తెలుస్తుంది. కర్టెన్ అవతల ఆమెను మళ్ళీ ఎవరో పిలిచారు, వస్తున్నానని కేకేసి వెళ్ళింది. ఏ ఫోనూ లేదు. ఆ రోజు నాకు ఫోను రాలేదు. అమ్మకు వారం నుంచి ఆయాసంగా ఉందని తెలుసు, ఆదివారం వస్తానని చెప్పాను, బుధవారం తెల్లవారుజామున పోయింది. మంగళవారం ఫోనేమీ రాలేదు. మా బడి ఉన్న ఊళ్ళో సిగ్నల్ సరిగ్గా ఉండదు, అందరికీ తెలిసిన సంగతే. అమ్మను తీసుకెళ్ళబోయే ముందు అన్న నన్ను ఇంటి వెనక్కి పిలిచి అడిగాడు, నిన్న మాపటేల ఫోన్ వచ్చిందా నీకు అని. రాలేదన్నాను. సిగ్నల్ ఉండదు కదా అన్నాను. అన్న నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. ఏమీ అనలేదు. పదకొండో రోజున అందరూ అన్నాలు తింటున్నప్పుడు మాత్రం ఎవరితోనో నాకు వినపడేలా అన్నాడు, అది సదువుకున్నది, దానికి మనం ఏమైతం అని. నేను విస్తరి ముందు నుంచి లేచి బస్సెక్కి కోదాడ వచ్చేశాను. మళ్ళీ వెళ్ళలేదు. అమ్మ సంవత్సరీకానికి రమ్మని కబురు పంపితే పరీక్షల డ్యూటీ ఉందన్నాను. మూడేళ్ళు ఆ మాట నాలో నలిగింది. ఎంత మాటన్నాడు, ఏం తప్పు చేశానని అన్నాడు అని ఒక్కదాన్నే కూర్చుని ఎన్నిసార్లు అనుకున్నానో.

సెలైన్ చుక్కలు పడుతున్నాయి. చెయ్యి పరుపు మీద ఉంది. చేతిని అలా తడిమానంది పిచ్చమ్మ. ఎలా? వేళ్ళను కొంచెం కదిపి చూశాను. అరచెయ్యి బోర్లా పెట్టాను. బోర్లా. ఆ మాట దగ్గర లోపల ఏదో కదిలింది. స్టాఫ్ రూము ఇనుప బల్ల. పదో తరగతి ప్రీఫైనల్ పేపర్లు, దారంతో కట్టిన కట్ట. కిటికీలోంచి ఎండ బల్ల సగందాకా వచ్చింది. బల్ల మీద ఫోను మోగకుండా వణుకుతోంది, వణుకుతూ వణుకుతూ అంచు వైపు జరుగుతోంది. అద్దం మీద "అన్న" అని ఉంది. ఆ వేళప్పుడు అన్న మంద వెంట ఉంటాడు, తన కోసం ఫోను చెయ్యడు. అమ్మ కలపమని అడిగితేనే కలుపుతాడు. అది అమ్మేనని నాకు తెలుసు. ముందు రోజు కూడా చేసింది, ఆయాసమొస్తున్నది, ఒకసారి వచ్చిపో అంది. అంతకు ముందు రోజూ చేసింది. మళ్ళీ అదే చెబుతుంది, మళ్ళీ ఆదివారం అనాలి, సరే తిన్నవా అంటుంది. నా చేతిలో కృప అనే పిల్ల పేపరు ఉంది. వ్యాసం బాగా రాసింది, నాలుగు మార్కులా ఐదా అని ఆలోచిస్తున్నాను. ఎడమ చేత్తో ఫోను తీసి బోర్లా పెట్టాను. బోర్లా పెట్టినా వణుకు ఆగలేదు, బల్ల ఇనుము గుండా మోచేతికి తెలిసింది. అది ఆగేదాకా నేను కృప పేపరు మీద ఏమీ రాయలేదు. ఆగాక నాలుగు వేశాను.

ఇంకా ఉంది. ఆగమన్నా ఆగకుండా వస్తోంది. తెల్లవారి అమ్మ కబురు తెలిసి కోదాడలో మొదటి బస్సు ఎక్కాను. మునగాల దాటాక ఫోను తీశాను. నిన్నటి ఫోను ఎర్రగా కనిపించింది, మూడూ నలభై. దాన్ని నొక్కి పట్టుకుని చెరిపేశాను. నా ఫోను నేను తప్ప ఎవరూ చూడరు. ఎవరు చూస్తారని చెరిపాను? నేనే చూస్తానని చెరిపాను. సూర్యాపేటలో తుంగతుర్తి బస్సు మారేసరికి ఫోను రాలేదు అన్నది నాకు నిజమైపోయింది. అన్న అడిగినప్పుడు నేను అబద్ధం చెప్పలేదు. ఆ పూట నాకు తెలిసినంతలో ఫోను రాలేదు. ఇప్పుడు ఈ మాట ఎవరికి చెప్పినా నమ్మరు. నేనే నమ్మలేకపోతున్నాను. చెరిపిన వేలు నాది, మర్చిపోయిన బుర్ర నాది, మర్చిపోకుండా మూడేళ్ళు ఆ వణుకును మోచేతిలో దాచుకున్నదీ నేనే. ఇందులో ఎవరిని విజయ అనాలి? ఇన్నాళ్ళూ పాఠాలు చెప్పి, పేపర్లు దిద్ది, అన్న మీద కోపం పెంచుకున్న మనిషికి ఒకటి తక్కువున్నదని తెలియనే లేదు. తెలిసినది మాత్రం లోపల ఎక్కడో ప్రతి రోజూ ఆ ఫోను కోసం చెయ్యి చాపుతూనే ఉంది. నేను పక్కకు తప్పుకున్న ఆ కాసేపట్లో అది అందుకుంది.

అందుకుని ఏం మాట్లాడింది? అది కావాలి నాకు. ఉన్నట్టుండి ఆ కోరిక దాహం కంటే ఎక్కువైంది. పిచ్చమ్మా అని పిలిచాను, గొంతు పెగల్లేదు, మళ్ళీ పిలిచాను. చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. నేను అమ్మా అంటే నువ్వేమన్నావు అని అడిగాను. ఏమంటాను, ఆఁ చెప్పు బిడ్డా అన్నాను, లేకపోతే నువ్వు చెయ్యి వదిలేలా లేవు అంది. ఇట్లా చేసినందుకు ఏమీ అనుకోకు, నర్సమ్మకు చెప్పకు అని కూడా అంది. తర్వాత ఏమైందో మొత్తం చెప్పమన్నాను. ఆమె మంచం అంచుకు ఆనుకుని గుర్తు చేసుకుంది. తిన్నవా అని తానే అడిగిందట. తినలేదు, కడుపు కోసిన్రు అన్నానట. నాయిన ఏడ అని అడిగానట, వస్తున్నడు అందట. హాస్టల్లో ఉండనని, తీసుకుపొమ్మని ఏడ్చానట, చాలాసేపు ఏడ్చానట, పోదాం పోదాం అందట. ఆ తర్వాత మళ్ళీ ఫోను సంగతి వచ్చిందట.

"సూసిన అమ్మా, యాష్టకొచ్చి, ఇసిగిపోయి ఎత్తలే అన్నవ్," అంది పిచ్చమ్మ. "నేనేమంట? పని మీద ఉన్నవ్ గదా బిడ్డా, ఏం కాదు అన్న. నీ నెత్తి నిమిరిన. నువ్వు నవ్వినవ్. ఇగ నిద్రపోయినవ్."

నవ్వానా అని అడిగాను. మంచిగ నవ్వినవ్ అంది. నేను పైకప్పు వైపు చూస్తూ పడుకున్నాను. అంటే అమ్మతో మాట్లాడటం అయిపోయింది. చెప్పాల్సింది చెప్పడం, అమ్మ పోనీలే అనడం, తల నిమరడం, నవ్వడం, అన్నీ ఈ గదిలో, ఈ మంచం మీద, ఇందాకే జరిగాయి. లేనిది నేను ఒక్కదాన్నే. నా నోటితో మాట్లాడి, నా కళ్ళతో ఏడ్చి, ఏం కాదు అన్న మాట నా చెవితో విని ఎవరో తేలికపడి నిద్రపోయారు. ఆ తేలిక నాకు రాలేదు. లేచేసరికి నాకు మిగిలింది భుజం నొప్పి. ఇంత ఒంటరితనం అమ్మ పోయిన రోజున కూడా నాకు తెలియలేదు. సొంత ఇంట్లో జరిగిన శుభకార్యం గురించి వీధిలో నిలబడి ఎవరో చెబితే వింటున్నట్టుంది. సిగ్గు విడిచి అడిగాను పిచ్చమ్మను, ఆ మాట ఇంకోసారి అనవా అని. నీ చెయ్యి ఇలా పెట్టి ఇందాక అన్నట్టే అను అన్నాను.

పిచ్చమ్మ నా చెయ్యి పట్టుకుంది గానీ అనలేదు. ఆమె అరచెయ్యి ఫినాయిలు నీళ్ళకు మొరటుదేలి ఉంది. "ఇందాక నువ్వు తెలివిల లేవు గాబట్టి చెల్లింది," అంది నెమ్మదిగా. "ఇప్పుడు అంటే నాటకమైతది బిడ్డా. నేను మీ అమ్మను కాను. నీకు ఎవ్వరు లేరా? ఇగ ఆళ్ళకు చెప్పు."

ఉన్నారు అన్నాను. మంచం కింద సంచిలోంచి ఫోను తీసిమ్మన్నాను. తీసిచ్చి, కర్టెన్ దగ్గరగా లాగి, పిచ్చమ్మ అవతలికి వెళ్ళింది. మూడూ యాభై. మూడేళ్ళుగా అన్న పేరును దాటుకుంటూ ఎవరెవరి నంబర్లో వెతికాను, ఎప్పుడూ దాని మీద వేలు ఆగలేదు. డిసెంబరు కదా, కోతలయ్యాయి, అన్న మందను నేరేడుచర్ల వైపు వరి మళ్ళకు తోలుకెళ్ళి ఉంటాడు. ఏ మడిలో మంద పెట్టాడో, ఎత్తుతాడో లేదో. ఎత్తకపోతే బాగుండునని కూడా అనిపించింది, ఎత్తకపోతే ఇద్దరం సమానమవుతాం. రెండో మోతకే ఎత్తాడు. ఎవరని అడగలేదు. వెనక గొర్లు అరుస్తున్నాయి. నేను ఏం అనుకుని మొదలుపెట్టానో అది కాకుండా వేరేది వచ్చింది నోటికి.

"అన్నా, గా రోజు అమ్మ ఫోన్ చేసింది. నేను సూసిన. సూసి ఎత్తలే."

గొర్ల అరుపులు దూరమయ్యాయి, పక్కకు నడిచినట్టున్నాడు.

"నాకెరుకే," అన్నాడు. "కలిపి అమ్మ చెవు కాడ పెట్టింది నేనే గదా."

అన్నే చెప్పాడు, ఆగి ఆగి, ఎవరికో ముందే చెప్పి అలవాటైనట్టు కాదు, మొదటిసారి చెబుతున్నట్టు. ఆ రోజు మందను తోటి కాపరి వెంకన్నకు అప్పజెప్పి తాను అమ్మ దగ్గరే ఉన్నాడట. మోగి మోగి ఆగిపోయిందట. మళ్ళీ కలపనా అంటే అమ్మ వద్దందట. పనిల ఉంటది, పొద్దుమీకినంక అదే చేస్తది అందట. ఫోను దిండు కింద పెట్టుకుని పడుకుందట. ఫోను ఎత్తనందుకు తనకు కోపం లేదట. మందలో ఉన్నప్పుడు నేను మాత్రం ఎన్ని ఎత్తుతా అన్నాడు. ఇంటెనక నిలబెట్టి అడిగితే రాలేదన్నావు చూడు, కళ్ళలో కళ్ళు పెట్టి అన్నావు, నా చెల్లె గిట్ల ఎట్లయింది అనుకున్న, అప్పుడు మనసు ఇరిగింది అన్నాడు.

"నేను మర్చిపోయిన అన్నా. నీకు అబద్ధం చెప్పలే, మర్చిపోయిన. ఇప్పుడే యాదికొచ్చింది."

"గట్ల అయితదా?" అని అడిగాడు. ఎగతాళిగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని, చిన్నప్పుడు నా సైన్సు పుస్తకం చూస్తూ ఇదేంది అదేంది అని అడిగినట్టే అడిగాడు. అయింది అన్నాను. అంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. నేను నమ్మించాలని చూడలేదు. నమ్మకపోతే అది అతని హక్కు. కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు, ఒక చేతికి సూది, ఒక చేతిలో ఫోను. ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది. ఈసారి నేను ఉన్నాను, నాకు తెలుస్తోంది.

గొంతేంది గట్లున్నది, యాడున్నవ్ అన్నాడు అన్న. చెప్పాను. ఆపరేషనా, నీ దగ్గర ఎవరున్నరు అన్నాడు. ఎవరూ లేరు అన్నాను. పొద్దున నర్సుకు చెప్పినట్టు చెప్పలేకపోయాను. ఏ దవాఖాన, ఎక్కడ దిగాలి అని అడిగాడు, నాకు ఆ వీధి పేరే రాలేదు, పిచ్చమ్మను పిలిస్తే ఆమె ఫోను అందుకుని కొత్త బస్టాండు నుంచి ఎటు తిరగాలో, మెట్లు ఎక్కాక ఏ వైపు రావాలో రెండుసార్లు చెప్పింది. ఫోను నా చేతిలో పెడుతూ, ఇప్పుడే బయలెల్తడట, పొద్దుగూకెవరకు వస్తడట అంది.

చెవికి పెట్టుకుంటే మాటలు లేవు, కానీ ఫోను కట్ కాలేదు. జేబులో వేసుకున్నట్టున్నాడు. గుడ్డ రాపిడి, అడుగుల చప్పుడు, ఎండిన వరి కొయ్యలు విరుగుతున్న శబ్దం. వెంకన్నను కేకేసి పిలిచాడు. మందను చూసుకొమ్మన్నాడు, సన్నగొర్లు రెండు రోజులుగా మేస్తలేవు, వాటిని విడిగా కట్టమన్నాడు. ఏమైంది అని వెంకన్న అడిగినట్టున్నాడు. మా చెల్లె ఫోన్ చేసింది అన్నాడు అన్న. దవాఖాన మాట ఎత్తలేదు. ఆపరేషన్ మాటా ఎత్తలేదు. మళ్ళీ అడుగులు, గట్టు ఎక్కుతున్నట్టు ఆయాసం. దారిలో ఎవరో ఆడమనిషి, ఏం మహేశా గింత ఉరుకుతున్నవ్ అంది. నిలబడకుండానే, మా చెల్లె ఫోన్ చేసింది పెంటమ్మా అన్నాడు.

ఫోను పెట్టేద్దామా అనుకున్నాను. అతనికి తెలియకుండా వినడం తప్పనిపించింది. కానీ వేలు కదల్లేదు, నేనూ కదపలేదు. నర్సు బీపీ చూసే పట్టీ పట్టుకుని వచ్చి, ఫోను పెట్టెయ్యండి మేడమ్ అంది. ఒక్క నిమిషం అని కళ్ళతోనే బతిమాలాను. అవతల ఆటో ఆగిన మోత, జనం సర్దుకుంటున్న సందడి, ఎక్కడి దాకా అని డ్రైవరు అడగడం వినిపించింది. ఇంజను మోతను మించి మా అన్న గొంతు పెంచి చెప్పాడు, నేరేడుచర్ల దాకా, ఆడ్నుంచి సూర్యాపేటకు పోవాలె, మా చెల్లె ఫోన్ చేసింది.